పడవ కవరు ఇంట్లోనే కుట్టుకోవడం: గుడ్డ నిలిచింది, కుట్లు ఎందుకు పోయాయి?

మైలవరం గట్టు, జమ్మలమడుగు:

అందరికీ నమస్కారం. మాది మైలవరం జలాశయానికి దగ్గరలో ఉన్న పల్లె. వలలు వేయడానికీ, తీయడానికీ అన్నదమ్ములం ముగ్గురం కలిసి రెండేళ్ళ కిందట ఒక పాత ఫైబర్ పడవ కొన్నాము. పొడవు 14 అడుగులు, మధ్యలో వెడల్పు 5 అడుగులు, వెనుక చిన్న మోటారు ఉంటుంది. వేసవిలో నీళ్ళు బాగా వెనక్కు పోయినప్పుడు పడవను గట్టు మీదికి లాగి పెట్టక తప్పదు కనుక, ఏడాదిలో నాలుగైదు నెలలు అది ఎండలోనే పడి ఉంటుంది. ఇప్పటికే పైపూత మెరుపు పోయి, చేత్తో రాస్తే సున్నం లాంటి తెల్లటి పొడి అంటుకుంటోంది.

నిరుడు పట్టణంలో ఒక దుకాణంలో కవరు కుట్టించాము. ఒకవైపు పూత ఉన్న మందమైన పాలియెస్టర్ గుడ్డ అది. ఏడాది తిరిగేసరికి కుట్లన్నీ విడిపోయాయి. విచిత్రం ఏమిటంటే గుడ్డను ఇద్దరం రెండు వైపులా పట్టి లాగినా చిరగడం లేదు గానీ, కుట్టు మీద దారాన్ని గోటితో గీకితే చెదలు తిన్న పుల్లలాగా పొడి పొడిగా రాలిపోతోంది. దీనికి తోడు పోయిన అక్టోబరు వానలకు కవరు మధ్యలో నీళ్ళు నిలిచి, ఆ బరువుకు గుడ్డ లోపలికి కుంగి, అడ్డబల్ల మూలకు ఒరుసుకుని ఒకచోట జానెడు చిరిగింది. నేను చూసేనాటికి ఆ మడుగులో దోమపిల్లలు ఈదుతున్నాయి.

ఈసారి మేమే కుట్టుకోవాలనుకుంటున్నాము. మా ఇంటావిడకు కుట్టుపని బాగా వచ్చు, ఇంట్లో కాలుమిషను ఉంది. ఏ దారం వాడాలి, ఉన్న గుడ్డనే మళ్ళీ వాడుకోవచ్చా, నీళ్ళు నిలవకుండా కవరును ఏ ఆకారంలో కోయాలి అన్నవి మా సందేహాలు. అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

సీట్ల దర్జీ, ప్రొద్దుటూరు:

అన్నా, మీ కవరులో జరిగింది వింతేమీ కాదు. లారీ సీట్లు, ఆటో టాపులు, ట్రాక్టరు మీది గుడ్డలు కుట్టడమే నా పని కనుక, ఇలాంటివి ఏటా వేసవి చివర నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. గుడ్డ కొనేటప్పుడు అందరూ దాని మందం చూస్తారు, పూత చూస్తారు, బేరం ఆడతారు. దారం గురించి మాత్రం ఎవరూ అడగరు. కుట్టేవాడు ఆ పూట మిషనుకు ఏ కోను ఎక్కి ఉంటే దానితోనే లాగించేస్తాడు. మీ కవరుకు చొక్కాలు కుట్టే సన్నటి దారమే వేసి ఉంటారని మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి అనుకుంటున్నాను.

గుడ్డలో పోగులు ఒకదాని కింద ఒకటి నడుస్తాయి, పైన పూత ఉంటుంది, కాబట్టి ఎండ పైపొరను తిన్నా లోపలిది మిగులుతుంది. కుట్టు దారమైతే గుడ్డ మీద తేలి, ఏ అడ్డమూ లేకుండా రోజంతా ఎండకు ఎదురుగా ఉంటుంది. సన్నటి దారంలో తినడానికి ఎక్కువ ఏమీ ఉండదు కూడా. అందుకే కవరు ఆయుష్షును దారం ఆయుష్షుతో లెక్కవేయాలని నేను చెబుతాను.

మీరు కొనవలసింది బాండెడ్ పాలియెస్టర్ దారం. పోగులు విడిపోకుండా పైన జిగురు పూత పట్టించి ఉంటుంది. కోను మీద టెక్స్ 70 అనో, టెక్స్ 90 అనో రాసి ఉంటుంది, టెక్స్ అంటే దారం మందానికి కొలత, అంకె పెరిగితే మందం పెరుగుతుంది. టెక్స్ 70కి 16వ నంబరు సూది, టెక్స్ 90కి 18వ నంబరు సూది సరిపోతాయి. సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర దొరికే దారం చాలాసార్లు నైలాన్ అయి ఉంటుంది, కోను చదవకుండా తీసుకోకండి. నైలాన్ లాగితే చాలా గట్టిది, కానీ ఎండలో పాలియెస్టర్ కంటే ముందే బలం పోగొట్టుకుంటుంది. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. ఒకాయన జీపు టాపు మొత్తం నైలాన్‌తో కుట్టి ఇస్తే, రెండో వేసవి దాటకుండానే అది నా దుకాణం ముందుకు మళ్ళీ వచ్చింది. కూలి తీసుకోకుండా మొదటి నుంచి కుట్టి పంపించాను. టెఫ్లాన్ జాతి పదార్థంతో చేసే దారం కూడా ఒకటి ఉంది, దానిని ఎండ ఏమీ చేయలేదు, కానీ మామూలు దారంతో పోలిస్తే ధర చాలా ఎక్కువ. రంగుల్లో నలుపు కొంత ఎక్కువకాలం ఓర్చుకుంటుంది.

మీ పాత గుడ్డను పారేయకండి. లాగితే చిరగడం లేదు, పూత పెచ్చులు లేవడం లేదు అంటే అందులో ఇంకా ప్రాణం ఉన్నట్టే. అయితే పాత రంధ్రాల్లోనే మళ్ళీ కుట్టవద్దు. పూత ఉన్న గుడ్డకు ఒకసారి పడిన సూది రంధ్రం పూడుకోదు, అదే వరసలో మళ్ళీ పొడిస్తే తపాలా బిళ్ళ అంచులాగా ఆ గీత వెంబడే చిరిగిపోతుంది. పావు అంగుళం పక్కకు జరిగి కుట్టి, పాత రంధ్రాల మీద అదే గుడ్డ పట్టీ ఒకటి వేసి మూయాలి. అడ్డబల్ల ఒరుసుకున్న చోట లోపలివైపు పాత రెగ్జిన్ ముక్క దిట్టంగా వేయండి. మోటారు మూలలకూ, తాడు కట్టే కొక్కేల దగ్గరా అంతే.

రెండు ముక్కలు కలిపేటప్పుడు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి, లోపల నాలుగు పొరలు వచ్చేటట్టు పెట్టి, రెండు వరసలుగా కుట్టండి. అంగుళానికి ఆరు కుట్లు చాలు. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందని ఇంట్లో ఆడవాళ్ళు అనుకుంటారు, రవికెకు అది నిజమే, ఈ గుడ్డకు మాత్రం రంధ్రాలు పెరిగి బలం తగ్గుతుంది. 5 అడుగుల పన్నా ఉన్న గుడ్డ అయితే రెండు నిలువు పన్నాలు తీసుకుని, వెన్ను మీద, అంటే కవరు నడిమి గీత వెంబడి, ఒకే కుట్టుతో కలిపేస్తే పని అయిపోతుంది.

కందనవోలు, కర్నూలు:

దారం గురించి పైన చెప్పిన ప్రతి మాటనూ ఒప్పుకుంటాను. వెన్ను మీద కుట్టు వేయమనడం మాత్రం నాకు సమ్మతం కాదు. శ్రీశైలం వెనుక జలాల్లో, సంగమేశ్వరం వైపు మాకు రెండు పడవలు ఉన్నాయి. ఇప్పటికి నాలుగు కవర్లు మార్చి, అయిదోది మేమే కుట్టుకున్నాము.

ముందు ఆకారం సంగతి చెబుతాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు, అంటే ఒక కిలో బరువు. మీ కవరు మీద మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, సగటున 8 సెంటీమీటర్ల లోతున నీరు నిలిచిందనుకుంటే అది 120 కిలోలు. రెండు సిమెంటు బస్తాలు ఎత్తి కవరు మీద పడేసిన దానికంటే ఎక్కువన్నమాట. ఏ కుట్టు దానికి ఆగుతుంది? పైగా గుడ్డ కుంగినకొద్దీ గుంట పెద్దదై, తరువాతి వానకు ఇంకా ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. కాబట్టి తొలి చినుకు కూడా నిలవకుండా చూడాలి.

మేము పడవ ముందు కొస నుంచి వెనుక దాకా నిలువుగా ఒక వెదురుబొంగు వేసి, దాని కింద మూడు చోట్ల నిట్రాళ్ళు నిలిపి, గుడిసె వెన్నులాగా పైకి లేపాము. మీ పడవకు పక్క అంచుల కంటే అడుగున్నర ఎత్తున బొంగు ఉంటే వాలు చాలినంత వస్తుంది. లెక్క వేస్తే ఒక్కో వాలు సుమారు 3 అడుగులు, కిందికి వేలాడే అంచు అడుగుంపావు, మడత మూడు అంగుళాలు. రెండు వైపులా కలిపి 9 అడుగుల లోపే. పొడవుకు 17 అడుగులు చాలు. 5 అడుగుల పన్నా గుడ్డ అయితే 34 అడుగులు, అంటే పదిన్నర మీటర్లు కావాలి. అతుకులకూ, పట్టీలకూ కలిపి 12 మీటర్లు తెచ్చుకోండి.

ఇక కుట్టు ఎక్కడ అన్నది. గాలి వీచినప్పుడల్లా గుడ్డ ఒరుసుకునేది వెన్నుబొంగు మీదనే. నాలుగు పొరల కుట్టును తీసుకెళ్ళి సరిగ్గా అక్కడే పెడితే, పైనుంచి ఎండ, కింద నుంచి ఒరిపిడి, రెండూ దాని మీదనే పడతాయి. మా పద్ధతి వేరు. ఒక పన్నాను నిండుగా వెన్ను మీదుగా అటూ ఇటూ వాలేటట్టు వేస్తాము. రెండో పన్నాను నిలువునా రెండుగా చీల్చి, చెరొక సగాన్ని చెరొక వైపు కలుపుతాము. గుడ్డ ఖర్చు అంతే, కానీ కుట్లు రెండూ వాలు మీదికి వస్తాయి. పై ముక్క అంచు కింది ముక్క మీదికి పెంకు మీద పెంకులాగా వచ్చేటట్టు మడిస్తే నీరు కుట్టులోకి దూరదు. అడ్డంగా మాత్రం ఎక్కడా కుట్టు రానివ్వవద్దు.

అంచు మడతలో లంగాకు బొందు ఎక్కించినట్టు ఆరు మిల్లీమీటర్ల పాలియెస్టర్ తాడు ఎక్కించి బిగించాలి. ఎలాస్టిక్ పెట్టవద్దు, మన ఎండలకు అది సాగి ఊరుకుంటుంది. దీనికి అదనంగా పడవ పొట్ట కింద నుంచి మూడు చోట్ల బెల్టు పట్టీలు వేసి కట్టాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ వీచే గాలికి వదులు గుడ్డ రాత్రంతా తపతపా కొట్టుకుంటుంది. కవరు చిరగడంతో పోదు, దుమ్ము పట్టిన గుడ్డ గరుకు కాగితంలాగా పడవ రంగునే గీకేస్తుంది. తాడు కట్టే కళ్ళకు ఇత్తడి రింగులే కొట్టించండి, ఇనుపవి ఒక్క వానాకాలానికే తుప్పు కక్కుతాయి. రింగు పడే ప్రతి చోటా బెల్టు ముక్క ఒకటి లోపల పెట్టి కుట్టాలి.

ఒక హెచ్చరిక. కవరును ఊపిరాడకుండా మూసేయకండి. ముందూ వెనుకా, వెన్నుకు కాస్త కింద, నోరు నేలవైపు తిరిగి ఉండేటట్టు జానెడు గాలిదారులు పెట్టాలి. చెమ్మ పట్టి బూజు రావడం ఒక ఎత్తు, పెట్రోలు ట్యాంకు లోపలే ఉంటే ఆవిరి కవరు కింద పేరుకోవడం మరొక ఎత్తు. ట్యాంకు తీసి ఇంటి బయట గాలి ఆడే నీడన పెట్టుకోవడమే మేలు. కవరు విప్పిన వెంటనే మోటారు తిప్పకుండా కొంతసేపు గాలి ఆడనివ్వండి.

సీట్ల దర్జీ, ప్రొద్దుటూరు:

కందనవోలు అన్నగారి మాటలో న్యాయం ఉంది, కానీ ఒక లెక్క చూడండి. 17 అడుగుల పొడవున, అంగుళానికి ఆరు కుట్ల చొప్పున, రెండు వరసలు వేస్తే ఒక్క జోడింపుకే సుమారు 2,400 సూది రంధ్రాలు పడతాయి. రెండు జోడింపులంటే 4,800. వెన్ను మీద అయితే నీరు క్షణం కూడా నిలవదు, ఒరిపిడి భయం ఉంటే బొంగుకు పాత సైకిలు ట్యూబు చుట్టుకోవచ్చు. వాలు మీద అయితే పైనుంచి జారే నీరంతా ఆ కుట్టు మీదుగానే పోవాలి. ఆయన చెప్పినట్టు మడత సరిగ్గా కిందికి తిరిగితే ఇబ్బంది లేదు, ఒక్కచోట తిరగబడి కుట్టినా అది కాలువ అవుతుంది. కొత్తగా కుట్టేవారికి ఒక కుట్టే సులభమని నేను అన్నాను. చేయి తిరిగినవారైతే ఆయన పద్ధతే పట్టుకోవచ్చు.

మైలవరం గట్టు, జమ్మలమడుగు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మా ఇంటావిడ ఇవన్నీ చదివి రెండు ప్రశ్నలు అడగమంది. మామూలు కాలుమిషను నాలుగు పొరల మందాన్ని లాగుతుందా అన్నది మొదటిది. కత్తిరించిన అంచు పోగులు ఊడిపోతోంది, దానికి ఏమి చేయాలి అన్నది రెండోది.

సీట్ల దర్జీ, ప్రొద్దుటూరు:

చెల్లెమ్మకు చెప్పండి, నల్లతల పాత ఇనుప మిషను అయితే టెక్స్ 70 దారంతో నాలుగు పొరలు లాగుతుంది, కంగారు పడనక్కరలేదు. టెక్స్ 90 అయితే కొన్ని మిషన్లు మొరాయిస్తాయి. బాబిన్‌లో కూడా అదే దారం చుట్టాలి, పైన మందం కింద సన్నం పెడితే సన్నది ముందు తెగి కుట్టంతా ఊడివస్తుంది. పై టెన్షన్ కొద్దిగా బిగించి, చెత్త ముక్క మీద నాలుగు పొరలు పెట్టి ముందుగా కుట్టి చూడాలి. రెండు దారాల ముడి గుడ్డ మధ్యలో దాగితే సరి, కింద ఉచ్చులు కనిపిస్తే ఇంకా బిగించాలి. అంచులు కలిసే చోట ఆరేడు పొరలు వస్తాయి కదా, అక్కడ కాలు తీసేసి చక్రాన్ని చేత్తో ఒక్కొక్క కుట్టు తిప్పుకుంటూ పోవాలి, లేకపోతే సూది విరిగి ముక్క ముఖం మీదికి ఎగురుతుంది. గుండుసూదులు గుచ్చవద్దు, ప్రతి సూదీ ఒక రంధ్రమే. బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టుకోండి. అన్నిటికంటే కష్టం 17 అడుగుల గుడ్డ బరువు, అది వెనక్కు లాగుతూ ఉంటే కుట్టు చిన్నదవుతుంది. మిషను పక్కన మంచం వేసి దాని మీద గుడ్డను పరిచి, ఒక మనిషి అందిస్తూ ఉండాలి. అది మీ పని అన్నా.

పాలియెస్టర్ అంచుకు కాల్చిన ఇనుప రేకునో, సోల్డరింగ్ కడ్డీనో ఆనించి నడిపితే పోగులు కరిగి అతుక్కుంటాయి. పని బయట, గాలి ఆడే చోట చేయండి, ఆ పొగ పీల్చకూడదు.

శింగనమల, అనంతపురం:

ఆలస్యంగా చూశాను. మా వైపు ఏడాది మొత్తం కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కనుక, ఎండ గురించి ఒక మాట చెబుతాను. మీరు కుట్టిన కవరు మీద కూడా ఒక నీడ ఉండాలి. నాలుగు గుంజలు పాతి, నర్సరీలలో వాడే ఆకుపచ్చ నీడవలను కవరుకు రెండు మూరల పైన కడితే, కవరు దారం ఆయుష్షు పెరుగుతుంది. చిరిగితే మార్చుకోవడం కూడా తేలిక. శెనక్కాయ వాముల మీద కప్పే నీలి పట్టను మాత్రం నేరుగా పడవ మీద వేయకండి. మేము ఒకసారి వేస్తే వేసవి చివరికి అది అప్పడంలాగా పెళుసెక్కి, పెచ్చులన్నీ పడవలో రాలి, ఏరడానికే ఒక పూట పట్టింది.

నూలు కాన్వాసు దొరికితే దానిని కూడా తీసిపారేయనక్కరలేదు. తడిస్తే పోగులు ఉబ్బి సూది రంధ్రాలు వాటంతట అవే మూసుకుంటాయి, గాలి కూడా ఆడుతుంది. పెద్దవాళ్ళు ముందు దానిని సబ్బు నీళ్ళలో నానబెట్టి, పిండి, తరువాత పటిక నీళ్ళలో ముంచి ఆరబెట్టేవారు. ఆ రెండూ కలిసి పోగుల మీద నీరు అంటని పొర ఏర్పడుతుంది. అయితే కుట్టే ముందు ఒకసారి తడిపి ఆరేయాలి, లేకపోతే తరువాత కుంచించుకుపోయి పడవకు చాలదు. తడిగా మడిచి పెడితే బూజు పట్టి కుళ్ళిపోతుంది కూడా.

మైలవరం గట్టు, జమ్మలమడుగు:

కుట్టడం అయిపోయింది కనుక జరిగింది రాస్తున్నాను. కొలతల కోసం పాత చీరలు వాడాము. చీర పొడవు అయిదున్నర మీటర్లు కదా, అది మా పడవకు ముందూ వెనుకా వేలాడేంత సరిగ్గా వచ్చింది. వెడల్పుకు రెండు చాలక మూడోది కలపవలసి వచ్చింది. వెదురుబొంగు మీద వాటిని పరిచి, క్లిప్పులతో బిగించి, అంచు గీత సుద్దతో గీసి, తరువాత నేల మీద విప్పి కత్తిరించాము. చుట్టూ మూడు అంగుళాలు వదలమని ఇంటావిడ చెప్పబట్టి బతికిపోయాము, నేను గీత మీదనే కత్తెర పెట్టబోయాను.

కందనవోలు గారి పద్ధతిలోనే, నిండు పన్నా వెన్ను మీద వేసి రెండు కుట్లు వాలు మీదికి తెచ్చాము. సైకిలు ట్యూబు మాట కూడా వదలలేదు, బొంగుకు చుట్టాము. పాత కవరులో బాగున్న గుడ్డను చీల్చి పక్క సగాలకు వాడుకున్నాము, కొత్తది మధ్య పన్నాకే కొన్నాము. దారం టెక్స్ 70 నల్లది. మొదటి రోజు మూడు సూదులు విరిగాయి, మంచం వేసి నేను గుడ్డ అందించడం మొదలుపెట్టాక ఒక్కటీ విరగలేదు.

మొన్న రాత్రి గంటసేపు వాన పడింది. తెల్లవారి వెళ్ళి చూస్తే పైన చుక్క నీరు నిలవలేదు, లోపల అడ్డబల్ల పొడిగా ఉంది. ఎడమ వైపు కుట్టులో మూరెడు మేర మాత్రం చేయి పెడితే తడి తగిలింది. విప్పి చూస్తే, దర్జీ అన్న భయపడినట్టే, అక్కడ మడత పైకి తిరగబడి ఉంది. ఆ మూరెడూ ఊడదీసి, పక్కకు జరిపి కుట్టి, పాత రంధ్రాల మీద పట్టీ వేయాలి. మోటారు దగ్గర గుడ్డ కొంచెం వదులుగా ఉండి సంచిలాగా వేలాడుతోంది, అక్కడ రెండు వైపులా చిన్న డార్టు, అంటే వదులు తగ్గేటట్టు కుట్టే మడత, పట్టమని ఇంటావిడ అంటోంది. గట్టున ఉన్న సర్కారు కంప కొమ్మలు కూడా గాలికి కవరును గీరుతున్నాయి. కుట్టు విప్పే ముందు రేపు పొద్దున అవి కొట్టేస్తాము.